సంకల్పబలం తగాదా: ఒక ‘ఈ’ అక్షరం దగ్గర తిరిగిన మలుపు

మనిషి నిగ్రహం వాడేకొద్దీ తరిగిపోయే సరుకా, కాదా అన్న పాత వివాదం మనస్తత్వశాస్త్రంలో మళ్లీ రాజుకుంది. తరిగిపోతుందని చెప్పే సిద్ధాంతం పేరు ‘ఇగో డిప్లీషన్’. దీనికి ఆద్యుడైన అమెరికన్ శాస్త్రవేత్త రాయ్ బౌమైస్టర్ 2024లో సహచరులతో కలిసి రాసిన సమీక్షా వ్యాసంలో సిద్ధాంతాన్ని గట్టిగా సమర్థించుకున్నారు. ఒకప్పుడు ఇదే రంగంలో పరిశోధనలు చేసి, తర్వాత విమర్శకుడిగా మారిన టొరంటో విశ్వవిద్యాలయ ఆచార్యుడు మైకేల్ ఇంజ్లిక్ట్ వంటివారు మాత్రం దీన్ని ఇక నమ్మలేమంటున్నారు. ముల్లంగి ముక్కలు తిని చాక్లెట్ బిస్కెట్ల జోలికి పోకుండా కూర్చున్నవారు ఆ తర్వాత ఇచ్చిన చిక్కుముడిని త్వరగా వదిలేశారన్న 1998 నాటి ప్రయోగం వ్యక్తిత్వ వికాస తరగతుల పుణ్యమా అని అందరికీ తెలిసిందే కనుక, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు. నేటి గొడవ మూలాలు 2016లో ఉన్నాయి.

అప్పటికి సిద్ధాంతం శిఖరం మీద ఉంది. 2010లో మార్టిన్ హ్యాగర్ బృందం 83 అధ్యయనాల్లోని 198 ప్రయోగాలను కూడి లెక్కగట్టి, ప్రభావ పరిమాణం (నిగ్రహం ఖర్చు చేసినవారికీ చేయనివారికీ మధ్య తేడా ఎంతో చెప్పే కొలత; సున్నా అంటే తేడా లేనట్టే) 0.62 అని తేల్చింది. ఈ శాస్త్రంలో అది చిన్న అంకె కాదు. అయితే ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఇవాన్ కార్టర్, మైకేల్ మెకల్లో ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేశారు: అచ్చయిన ప్రయోగాలన్నీ గెలిచినవే అయితే, ఓడిపోయినవి ఎవరి సొరుగుల్లో ఉన్నాయి? ఆ లోటును సవరించి చూస్తే ప్రభావం దాదాపు సున్నాకు దిగుతోందని వారు చూపించారు. లెక్కల పద్ధతి మీద వాదించుకుంటూ కూర్చోవడం కన్నా ప్రయోగాన్నే మళ్లీ చేయడం మేలన్న అభిప్రాయానికి అందరూ వచ్చారు. చెప్పుకోదగ్గ విషయమేమిటంటే, ఆ పనికి ముందుండి నడిచింది 0.62 అని తేల్చిన హ్యాగరే.

ఏ ప్రయోగాన్ని మళ్లీ చేయాలన్న ప్రశ్న దగ్గరే అసలు మలుపు ఉంది. బౌమైస్టర్ సూచించిన పద్ధతులు అనేక దేశాల ప్రయోగశాలల్లో ఒకే తీరున, కంప్యూటర్ మీద నడపడానికి అనువుగా లేవని నిర్వాహకులు భావించారు. చివరికి ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం పని ఖాయమైంది: తెర మీద కనిపించే పదంలో ‘ఈ’ ఉంటే మీట నొక్కాలి, దాని పక్కనో, ఒక అక్షరం అవతలో మరో అచ్చు ఉంటే నొక్కకుండా ఆగాలి. ఇలా మొదటి పనిలో నిగ్రహం ఖర్చయ్యాక రెండో పనిలో వెనకబడతారా అన్నదే పరీక్ష. 23 ప్రయోగశాలలు, 2,141 మంది పాల్గొన్న ఆ పరీక్షలో తేలిన ప్రభావం 0.04. అంటే సున్నాతో తేడా చెప్పలేనంత స్వల్పం.

బౌమైస్టర్, ఆయన సహ పరిశోధకురాలు కాథ్లీన్ వోస్ వెంటనే అభ్యంతరం తెలిపారు. తమ పాత పద్ధతిలో ముందుగా కొంతసేపు కనబడ్డ ప్రతి ‘ఈ’నీ కొట్టేయించి, చేతికి అలవాటయ్యాకే కొత్త నియమం పెట్టేవారమనీ, అలవాటును అణచుకోవడంలోనే నిగ్రహం ఖర్చవుతుందనీ, ఆ మొదటి అంకాన్ని తీసేస్తే మిగిలేది వట్టి శ్రద్ధకు సంబంధించిన పని మాత్రమేననీ వారి వాదన. ఈ అభ్యంతరంలో పస లేదనలేము. అయితే పద్ధతికి ముందు ఒప్పుకుని, ఫలితం వచ్చాక తప్పుపట్టారన్న విమర్శ కూడా అప్పుడే వచ్చింది. ఇంజ్లిక్ట్ అదే ఏడాది తన సొంత పాత పరిశోధనల మీద కూడా తనకు నమ్మకం సడలిందని బాహాటంగా రాశారు. సొంత పేరుతో అచ్చయిన పని గురించి అలా రాయడం విశ్వవిద్యాలయాల్లో తరచుగా కనిపించే దృశ్యం కాదు.

ఆ అభ్యంతరానికి జవాబు 2021లో వచ్చింది. ఈసారి పరీక్షకు నాయకత్వం వహించింది కాథ్లీన్ వోసే. 36 ప్రయోగశాలలు, 3,531 మంది, రెండు వేర్వేరు పద్ధతులు, విశ్లేషణ ఎలా చేస్తారో ముందే నమోదు చేసిన ప్రణాళిక. ఫలితం 0.06. ప్రభావం ఉందన్న ఊహ కన్నా లేదన్న ఊహకే ఆ సమాచారం నాలుగు రెట్లు ఎక్కువగా సరిపోయింది. ఎవరినీ మినహాయించకుండా లెక్కిస్తే 0.08 వచ్చిందనీ, బాగా అలసిపోయామన్నవారిలో ప్రభావం కాస్త ఎక్కువగా కనిపించిందనీ సిద్ధాంతం పక్షాన చెప్పుకోవచ్చు. అదే ఏడాది 12 ప్రయోగశాలల మరో పరీక్షలో 0.10 తేలిన మాటా నిజమే. కానీ 0.62తో బయలుదేరిన సిద్ధాంతానికి ఇవి ఎంత ఆసరా ఇస్తాయో పాఠకులే చూడవచ్చు.

మనకు నేరుగా సంబంధించిన ఘట్టం కూడా ఈ కథలో ఒకటుంది. 2017లో కృష్ణ సవానీ, వెరోనికా జాబ్ ప్రచురించిన పరిశోధనలో భారతీయుల్లో ఫలితం తలకిందులైంది. కష్టమైన మొదటి పని చేసినవారు రెండో పనిలో మరింత మెరుగ్గా రాణించారు. నిగ్రహం పాటిస్తే శక్తి పెరుగుతుందన్న నమ్మకమే ఇందుకు కారణమని వారు వివరించారు. నలభై ఒక్క రోజులు చన్నీటి స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనంతో అయ్యప్ప దీక్ష పూర్తి చేసేవారిని ఏటా చూసే తెలుగువారికి ఈ మాట సహజంగానే రుచిస్తుంది. అందుకే ఒక హెచ్చరిక కూడా అవసరం: 2021 నాటి పెద్ద పరీక్షలో సంకల్పబలం గురించి మనుషుల నమ్మకాలు ఫలితాన్ని మార్చినట్టు కనబడలేదు. మనకు నచ్చిన ఫలితానికి ఒక తూకం, నచ్చని దానికి మరో తూకం వేయలేము.

ఈ తగాదా చప్పుడులో మరుగున పడిన అధ్యయనం ఒకటి బౌమైస్టర్ పేరుతోనే ఉంది. 2012లో విల్‌హెల్మ్ హాఫ్‌మన్‌తో కలిసి జర్మనీలో 205 మంది రోజువారీ కోరికలను ఆయన బృందం నమోదు చేసింది. నిగ్రహం ఎక్కువని తేలినవారు ప్రలోభాలతో ఎక్కువగా పోరాడడం లేదు, అసలు వాటి బారిన తక్కువగా పడుతున్నారు. లక్ష్యాల విషయంలో మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్సర్ చెప్పినదీ ఈ దారికి దగ్గరే: ‘బాగా చదవాలి’ అనుకోవడం కన్నా ‘రాత్రి భోజనం కాగానే ఫోన్ పక్కగదిలో పెట్టి పుస్తకం తీస్తాను’ అని వేళను, పనిని ముందే ముడివేసుకోవడం మెరుగని ఆయన వాదన. 2006లో పాస్కల్ షీరన్‌తో కలిసి 94 పరీక్షలను కూడినప్పుడు దాని ప్రభావం 0.65గా తేలింది. అచ్చుకాని ఓటముల ప్రశ్న ఈ అంకెకూ వర్తిస్తుంది.

బౌమైస్టర్ పక్షం మాత్రం వెనక్కి తగ్గలేదు, కాస్త పక్కకు జరిగింది. నిగ్రహం నిజంగా అయిపోతుందని ఇప్పుడు వారు అనడం లేదు. కొంత ఖర్చయ్యాక మిగిలినదాన్ని మనసు పొదుపు చేసుకుంటుందని 2024 వ్యాసం అంటోంది. అయిపోయేదైతే కొలవవచ్చు. పొదుపు చేసేదైతే, ఒక ప్రయోగంలో ఏమీ తేలనప్పుడు ‘ఈసారి పొదుపు చేయలేదు’ అనేందుకు వీలుంటుంది. ఏ ఫలితం వస్తే ఈ సిద్ధాంతాన్ని వదులుకుంటారో ముందే చెప్పాలని విమర్శకులు అడగవలసింది ఇక్కడే.