గడ్డిలో చక్కెర, ఈస్ట్‌కు అందని వాటా

తాటికల్లు కుండలోనే నురగలెత్తడం చూసినవాళ్లకు ఈస్ట్ పనితనం వేరే చెప్పక్కర్లేదు. తీపి దొరికితే చాలు, గంటల్లో ఆల్కహాల్ చేసేస్తుంది. వరిగడ్డిలోనూ, మొక్కజొన్న చొప్పలోనూ తీపి ఉంది. కాకపోతే అది సెల్యులోజ్, హెమిసెల్యులోజ్ గొలుసుల్లో బిగుసుకుపోయి ఉంటుంది. ఆవిరి, ఆమ్లం, ఎంజైములతో వాటిని తెంపితే ప్రధానంగా రెండు చక్కెరలు బయటపడతాయి: గ్లూకోజ్, జైలోజ్. ఈస్ట్ మొదటిది ఇష్టంగా తింటుంది, రెండోదాన్ని ఆల్కహాల్‌గా మార్చలేకపోతుంది. గడ్డిలోని చక్కెరలో దాదాపు మూడో వంతు జైలోజే. కిలో చక్కెర పూర్తిగా పులిసినా వచ్చే ఇథనాల్, అంటే ఇంధనంగా వాడే ఆల్కహాల్, 510 గ్రాములకు మించదు. అలాంటప్పుడు మూడో వంతు చక్కెర వృథా అయితే ఏ ఫ్యాక్టరీకీ గిట్టుబాటు కాదు.

అమెరికాలోని పర్‌డ్యూ యూనివర్సిటీలో నాన్సీ హో బృందం 1993లో గట్టి అడుగు వేసింది. జైలోజ్ తినే మరో ఈస్ట్ నుంచి జన్యువులు తెచ్చి, రెండు చక్కెరలనూ పులియబెట్టే ఈస్ట్‌ను తయారుచేసింది. ఈ దారిలో ఓ చిక్కుంది. జైలోజ్‌ను మార్చే రెండు ఎంజైములకూ చెరో రకం సహాయక అణువు కావాలి. వాటి లెక్క కుదరక కొంత జైలోజ్ మధ్యలోనే జైలిటాల్‌గా మిగిలిపోతుంది. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో తీపి కోసం వేసేది ఇదే.

జైలోజ్‌ను మార్చే పని ఒక్క అంగలో చేసే ఎంజైమ్ బాక్టీరియాల్లో ఉంది. దాని జన్యువును ఈస్ట్‌లో పెట్టి చూస్తే ఏళ్ల తరబడి సరిగా పనిచేయలేదు. చివరికి దారి దొరికింది ఏనుగు లద్దిలో! ఏనుగు పేగుల్లో గాలి తగలకుండా బతుకుతూ గడ్డిని కరిగించే పిరోమైసిస్ అనే ఫంగస్ జన్యువును నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ శాస్త్రవేత్తలు 2003లో ఈస్ట్‌లో పనిచేయించారు. మొదట్లో ఆ ఈస్ట్ చాలా నెమ్మదిగా పెరిగింది. దానికి జైలోజ్ ఒక్కటే తిండిగా పెట్టి, తరాల తరబడి పెంచి, చురుకైనవాటిని ఏరుకున్నారు. రైతు విత్తనానికి మంచి కంకులు ఏరుకున్నట్టే. ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే.

తిండి సమస్య తీరినా విషం సమస్య ఉంది. గడ్డిని ఉడికించేటప్పుడు పుట్టే అసిటిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యురాల్ ఈస్ట్‌ను కుంగదీస్తాయి. వీటిని తట్టుకునే రకాల కోసం ఇప్పటికీ పని సాగుతోంది.

ఈలోగా అమెరికా 2007లో చట్టం చేసి, 2022 నాటికి ఏటా 1,600 కోట్ల గ్యాలన్ల సెల్యులోజిక్ ఇంధనం (గడ్డి, చొప్పల్లాంటి వాటి నుంచి తీసేది) అని లక్ష్యం పెట్టుకుంది. దాని దరిదాపులకు కూడా చేరలేదు. అయోవా రాష్ట్రంలో పోయెట్-డీఎస్ఎం కంపెనీ 2014లో తెరిచిన ప్లాంట్‌లో ఇథనాల్ ఉత్పత్తి 2019లో ఆగింది. డుపాంట్ కంపెనీ తన ప్లాంట్‌ను 2015లో మొదలుపెట్టి, రెండేళ్లకే మూసేస్తున్నట్టు ప్రకటించింది. అక్కడ వాడింది ఈస్ట్ కూడా కాదు, బాక్టీరియా. అందుకే తప్పంతా ఈస్ట్ మీదకు నెట్టడం అన్యాయం అంటాను. చొప్ప కట్టలతో పాటు మట్టీ రాళ్లూ వచ్చి యంత్రాలను అరగదీస్తాయి. ఎంజైముల ఖర్చు ఎక్కువ. పైగా 2014 ద్వితీయార్ధంలో చమురు ధర కుప్పకూలింది.

మన దేశంలో ఇండియన్ ఆయిల్ పానిపట్ ప్లాంట్ 2022 ఆగస్టులో ప్రారంభమైంది. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది లక్ష్యం. అంటే టన్నుకు 150 లీటర్లు. ఈ అంకె పెరిగితేనే, పొలంలో గడ్డి తగలబెట్టే రైతుకు ఆ గడ్డికి ఇంకాస్త మంచి ధర ఇచ్చే వీలుంటుంది.