"తర్వాత ఆక్సిజన్ చాంబర్ ఉందిగా" అనుకోకండి

నా దగ్గరికొచ్చిన ఒకాయనకు నాలుగు నెలల క్రితం ఉన్నట్టుండి ఒక చెవి వినపడటం మానేసింది. జలుబన్నారు, గుబిలి అన్నారు, నూనె పోశారు. ఇప్పుడెవరో ఆక్సిజన్ ఇచ్చే ప్రెషర్ చాంబర్‌లో కూర్చోబెడితే నరం మళ్లీ బతుకుతుందని చెప్పారట. "అప్పు చేసైనా ఇరవై సిట్టింగులు చేయించుకుంటాను డాక్టరుగారూ" అన్నారు. ఇలాంటివాళ్లకు వద్దని చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: నరం చెవుడు (లోపలి చెవి గానీ వినికిడి నరం గానీ దెబ్బతిని వచ్చేది) ఎప్పుడొచ్చినా చాంబర్‌తో బాగవుతుంది.

వాస్తవం: చాంబర్‌లో మామూలు గాలికి రెండు, రెండున్నర రెట్ల ఒత్తిడిలో గంటన్నర దాకా ఆక్సిజన్ పీలుస్తారు. అది ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవంలో కరిగి లోపలి చెవికి ఎక్కువగా చేరుతుంది. ఇంకా ప్రాణమున్న కణాలకే దాంతో మేలు. చనిపోయిన వినికిడి కణాలు మనుషుల్లో మళ్లీ పుట్టవు. అందుకే 2019 అమెరికా ఇఎన్‌టీ మార్గదర్శకాలు దీనికి గడువు పెట్టాయి: ఉన్నట్టుండి చెవుడు వస్తే స్టెరాయిడ్‌తో కలిపి రెండు వారాల్లోపు, మొదటి వైద్యం ఫలించకపోతే నెలలోపు. అప్పుడు కూడా ఇవ్వవచ్చు అన్నాయే తప్ప ఇచ్చి తీరాలనలేదు. స్టెరాయిడ్ కూడా మొదటి రెండు వారాల్లో మొదలుపెట్టాల్సిందే. స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుందని భయపడి ఇంట్లో కూర్చోకండి, డాక్టరు చూసుకుంటారు. నెలలు దాటినవాళ్లు ఆ అప్పు చేయకండి, హియరింగ్ ఎయిడ్ పనికొస్తుందేమో చూపించుకోండి.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. మీనియర్స్‌కు (తల తిరుగుడు, హోరు, వినికిడి తగ్గడం వచ్చిపోయే లోపలి చెవి జబ్బు) వాడే చిన్న ప్రెషర్ మిషన్ వేరు. కర్ణభేరికి ట్యూబు వేసి దాని గుండా గాలి ఒత్తిడి పంపుతారు. 2020 అమెరికా ఇఎన్‌టీ మార్గదర్శకాలు దాన్ని వద్దన్నాయి. పక్క మీద ఇటు తిరిగితే గది గిర్రున తిరిగే బీపీపీవీకి ఏ ప్రెషరూ అక్కర్లేదు, తలను వరుసగా తిప్పే ఎప్లీ పద్ధతి ఉంది. ముక్కు మూసుకుని గట్టిగా ఊదితే నరం తెరుచుకోదు. దయచేసి మానండి.

మా పిన్ని ఫోన్ చేసి "చెవి దిబ్బడేసిందిరా, రెండు రోజులైంది" అంది. నోరు మూసుకుని "మ్‌మ్" అనమన్నాను. గుబిలి అడ్డమైతే ఆ మూత పడ్డ చెవిలోనే గట్టిగా వినపడాలి. ఆమెకు బాగున్న చెవిలో వినిపించింది, అంటే నరం చెవుడు కావచ్చు. ఇది ఆడియోగ్రామ్‌కు (మిషన్‌తో చేసే వినికిడి పరీక్షకు) బదులు కాదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే పరీక్ష, మధ్యాహ్నానికి స్టెరాయిడ్. వినికిడి చాలావరకు తిరిగొచ్చింది. చెవిలో హోరు మాత్రం మిగిలింది. నిశ్శబ్దంలో అది ఎక్కువవుతుందని చలికాలంలో కూడా ఫ్యాన్ వేసుకునే పడుకుంటుంది.