ఒకే డబ్బా, రెండు మరకలు

మొన్న వేసవిలో ఇంటికి రంగులు వేయించాం. హాలుకి లేత పసుపు ఎమల్షన్, గేటుకీ కిటికీ ఊచలకీ ముదురాకుపచ్చ ఎనామెల్. మూడో రోజు మధ్యాహ్నం పెయింటర్ నిచ్చెనెక్కి రోలర్ తిప్పుతుంటే పసుపు చుక్కలు చిట్లి కిందున్న మా ఇద్దరి మీదా పడ్డాయి. అమ్మ కట్టుకున్న మంగళగిరి నేత చీర కుచ్చిళ్ల మీద కొన్ని, నా చొక్కా చేతి మీద కొన్ని. అమ్మ అప్పటికప్పుడు పెరట్లోకి వెళ్లి, కుళాయి కింద కుచ్చిళ్లు పట్టి, సబ్బు రాసి జాడించింది. ఐదు నిమిషాల్లో మరక జాడ లేదు. నేను నా చొక్కా చూసుకున్నది సాయంత్రం. రాత్రంతా సబ్బునీళ్లలో నానబెట్టి, పొద్దున్నే బ్రష్ పెట్టి రుద్దాను. చుక్కలు ఇంకాస్త శుభ్రంగా, మెరుస్తూ కనిపించాయే తప్ప ఒక్కటీ కదల్లేదు.

రంగు అదే, డబ్బా అదే, రెండూ నూలు బట్టలే. తేడా అల్లా ఐదారు గంటలు. ఆ ఐదారు గంటల్లో నా చొక్కా మీద ఏం జరిగిందో తెలిస్తే, ఏ పెయింట్ మరకకి ఏం చేయాలో చాలావరకు తెలిసిపోతుంది.

పెయింట్ డబ్బాలో ముఖ్యమైన సరుకులు మూడు. రంగునిచ్చే పొడి, ఆ పొడిని గోడకు పట్టి ఉంచే జిగురు, ఈ రెండింటినీ పలచగా ఉంచే ద్రవం. లేత రంగు పెయింట్లన్నిటిలోనూ ఎక్కువగా ఉండే పొడి టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని ఖనిజం. మన భీమిలి తీరంలో నల్లగా మెరిసే ఇసుక ఉంటుంది కదా, అందులోని ఇల్మనైట్ లాంటి ఖనిజాల నుంచే దీన్ని తీస్తారు. ఒక్కో రేణువు దాదాపు పావు మైక్రాన్ ఉంటుంది, అంటే మిల్లీమీటరులో నాలుగు వేల వంతు. నూలు పోగులో ఒక్క పీచు మందం 12 నుంచి 20 మైక్రాన్లు. దాని పక్కన ఈ రేణువు, తాటి దూలం పక్కన గోలీకాయ లాంటిది.

ఈ పొడి నీళ్లలో కరగదు, కిరసనాయిల్లో కరగదు, థిన్నర్‌లో కరగదు, బ్లీచింగ్‌కీ లొంగదు. ఎర్ర రంగుల్లో వాడే ఐరన్ ఆక్సైడ్ సంగతీ అంతే. కాబట్టి రంగుని కరిగించి మరక తీయడమన్నది జరిగే పని కాదు. పట్టు వదిలించాల్సింది జిగురుది. జిగురు వదిలితే రేణువులు దానితో పాటే వచ్చేస్తాయి. పెయింట్ మరక మీద బ్లీచింగ్ పోసేవాళ్లని చూసినప్పుడు నాకు బాధేస్తుంది. ఎందుకంటే పెయింట్ ఉన్నచోటే ఉంటుంది, దాని చుట్టూ చీర రంగు వెలిసిపోతుంది. ఒక మరక రెండవుతుంది. పట్టు, ఉన్ని బట్టలైతే బ్లీచింగ్‌కి పీచే తినేయబడుతుంది.

ఇప్పుడు జిగురు సంగతి. ఎమల్షన్ పెయింట్‌లో జిగురు నీళ్లలో కరిగి ఉండదు. పాలలో వెన్న బిందువుల్లాగా, కంటికి కనిపించనంత చిన్న ప్లాస్టిక్ బంతులుగా నీళ్లలో తేలుతూ ఉంటుంది. ఎక్కువగా అవి యాక్రిలిక్ బంతులు. ఫెవికాల్ కూడా ఈ కుటుంబంలోదే. డబ్బాలో పాలలా తెల్లగా ఉండి, వేలి మీద ఆరాక అద్దంలా తేటపడి, పొరలా ఊడొస్తుంది కదా. తెల్లగా ఉన్నప్పుడు బంతులు విడివిడిగా ఉండి వెలుతురుని చెదరగొడుతున్నాయి. నీరు ఆవిరైపోతున్న కొద్దీ అవి ఒకదాన్నొకటి నొక్కుకుని, నలిగి, అంచులు కలిసిపోయి ఒకే పొర అవుతాయి. ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా మళ్లీ బంతులుగా విడిపోవు. పెరుగు తిరిగి పాలు కాదు.

అమ్మ కడిగినప్పుడు చీర మీద ఉన్నవి విడి బంతులు. నేను ఉతికినప్పుడు చొక్కా మీద ఉన్నది ప్లాస్టిక్ పొర. మే నెల ఎండల్లో బట్ట మీద పడ్డ చిన్న చుక్క ఆరిపోవడానికి పావుగంట కూడా పట్టదు. ఇంకా పని ఉంది, తర్వాత చూద్దాం అనుకునే లోపే అయిపోతుంది. వెంటనే ఉతికే వీలు లేకపోతే కనీసం మరక పడ్డ భాగాన్ని తడిపి, తడిగానే ఉంచండి, లేదా బకెట్ నీళ్లలో పడేయండి. నీళ్లున్నంతసేపూ ఆ బంతులు కలవలేవు. ఈ చిన్న పని తర్వాత పడే పాట్లన్నీ తప్పిస్తుంది. నీళ్లు మామూలువే ఉండాలి, వేడివి వద్దు. వేడికి బంతులు మెత్తబడి ఇంకా తొందరగా అతుక్కుంటాయి. బట్ట వెనక వైపు నుంచి ధార పడాలి, అప్పుడు పెయింట్ వచ్చిన దారినే బయటికి పోతుంది. పై నుంచి రుద్దితే పోగుల సందుల్లోకి ఇంకా లోతుగా దిగుతుంది.

ఆరిపోయిన ఎమల్షన్‌ని స్పిరిట్‌తో పట్టాలి. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ చాలు. శానిటైజర్ కూడా పనికొస్తుంది, దానిలోనూ ఉన్నది ఆల్కహాలే. ఆల్కహాల్ యాక్రిలిక్ పొరని పూర్తిగా కరిగించదు కానీ, దాని లోపలికి ఇంకి ఉబ్బేలా చేస్తుంది. నానబెట్టిన శనగ పొట్టులా పొర మెత్తబడి, పీచు మీద పట్టు సడలుతుంది. నా చొక్కా మీద చేసింది ఇదే. వాచీ రిపేరు చేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం ఒకటి ఇంట్లో ఉంటే, దానితో ముందు ఒక చుక్కను చూశాను. నాలుగు పోగుల మీద పసుపు పొర గుడారంలా పరుచుకుని ఉంది. పోగుకీ పోగుకీ మధ్య చిన్న గుంట, ఆ గుంటలోకి పొర వంగి దిగింది. అంచుల్లో నూలు పీచు కొసలు పొరలోంచి పొడుచుకొచ్చి ఉన్నాయి, బంకమట్టిలో గడ్డి పరకల్లాగా. స్పిరిట్‌లో ముంచిన దూది ఐదు నిమిషాలు అదిమి ఉంచి మళ్లీ చూస్తే అంచులు ముడతలు పడి పైకి లేచాయి. వాడి లేని చెంచా అంచుతో ఒకే దిక్కుకు గీకితే పొర చిన్న చిన్న తునకలుగా వచ్చింది. మళ్లీ దూది, మళ్లీ గీకడం. పొర ఆరిపోతే మళ్లీ బిగుసుకుంటుంది కాబట్టి మధ్యలో వదిలేయకూడదు.

గేటుకి వేసిన ఎనామెల్ కథ వేరు. దాన్ని మనవాళ్లు ఆయిల్ పెయింట్ అంటారు, ఆ పేరు సరైనదే. జిగురులో నూనె అణువులు ఉంటాయి, పలచన చేయడానికి టర్పెంట్ కలుపుతారు. ఒకప్పుడు టర్పెంట్ అంటే పైన్ చెట్ల బంక నుంచి తీసేది, ఇప్పుడు షాపుల్లో అమ్మేది ఎక్కువగా పెట్రోలియం నుంచి వచ్చేదే. మా పెయింటర్ సాయంత్రం పని ముగించాక ఎనామెల్ బ్రష్షుల్ని నీళ్ల డబ్బాలో ముంచిపెట్టి వెళ్లేవాడు. ఆయిల్ పెయింట్‌కి నీళ్లేమిటని అడిగాను. "గాలి తగలకూడదు సార్, అంతే" అన్నాడు. ఎనామెల్ రసాయన శాస్త్రమంతా ఆ మాటలో ఉంది.

ఎనామెల్ ఆరడం రెండు దశల్లో జరుగుతుంది. మొదట టర్పెంట్ ఆవిరైపోతుంది. తర్వాత గాలిలోని ఆక్సిజన్ నూనె అణువులతో కలిసి, ఒకదాన్నొకటి ముడివేస్తూ పోతుంది. అది త్వరగా జరగడానికి కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహాల సమ్మేళనాలు కొద్దిగా కలుపుతారు. సగం వాడి మూత పెట్టిన ఎనామెల్ డబ్బా కొన్నాళ్లకు తెరిస్తే పైన మీగడలా పొర కట్టి ఉంటుంది, కింద మాత్రం పెయింట్ పలచగానే ఉంటుంది. పైభాగానికే గాలి తగిలింది కాబట్టి అక్కడే వల అల్లుకుంది. ఆ పొరని టర్పెంట్‌లో వేసి ఎంత కలిపినా కరగదు, పెయింటర్లు తీసి పారేస్తారు. మీ బట్ట మీద రెండు రోజుల తర్వాత మిగిలేది సరిగ్గా ఆ మీగడే.

అందుకే ఎనామెల్ మరక విషయంలో మొదటి గంట చాలా విలువైనది. బట్టని నీళ్లతో తడపకండి. పోగుల సందుల్లో నీళ్లు నిండితే టర్పెంట్ లోపలికి పోలేదు. కింద పాత తెల్ల గుడ్డ పరిచి, మరక ఉన్న వైపు దాని మీద బోర్లించి, వెనక నుంచి టర్పెంట్‌లో ముంచిన దూదితో అద్దండి. రంగు కింది గుడ్డలోకి దిగుతుంది. గుడ్డ జరుపుతూ, కొత్త చోటు మీద పెడుతూ, రంగు దిగడం ఆగేదాకా చేయాలి. ఆ తర్వాత తడిపే ముందే గిన్నెలు తోమే లిక్విడ్ రాసి వేళ్లతో నలపాలి. సబ్బు అణువుకి ఒక కొస నూనెని పట్టుకుంటుంది, ఇంకో కొస నీళ్లని పట్టుకుంటుంది, టర్పెంట్‌ని రంగుతో సహా నీళ్లలోకి లాక్కొచ్చేది అదే. కనుమకి ఎద్దుల కొమ్ములకి రంగులేసి పంచె మీద మరకతో వచ్చే రైతుకి కూడా వెంటనే చేయగలిగింది ఇదే. కిరసనాయిలు కూడా పని చేస్తుంది గానీ జిడ్డూ వాసనా వదలడానికి నాలుగు ఉతుకులు పడతాయి.

ఎనామెల్ గట్టిపడిపోయాక థిన్నర్‌తో కొంత మెత్తబడుతుంది, కొంత ఊడుతుంది. పూర్తిగా పోతుందని నేను చెప్పను. ఆ వల తెగదు, ఉబ్బుతుంది అంతే. చెక్కకీ ఇనుముకీ వాడే పెయింట్ రిమూవర్ బట్టలకి వాడకండి, అది చర్మాన్ని కూడా కాలుస్తుంది.

మరక ఏ పెయింట్‌దో తెలియకపోతే స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒకసారి అద్ది రుద్ది చూడండి. దూదికి రంగు అంటితే ఎమల్షన్, అంటకపోతే ఎనామెల్. గోళ్ల రంగు మూడో రకం. అది ద్రవం ఆవిరైపోవడం వల్లే ఆరుతుంది, అణువుల మధ్య ముళ్లేమీ పడవు. అందుకే ఏడాది తర్వాతైనా అసిటోన్ పోస్తే ఉప్పు నీళ్లలో కరిగినట్టు కరుగుతుంది. సున్నం మరక అయితే ఇంకా తేలిక. ఆరిన సున్నం కాల్షియం కార్బొనేట్ కాబట్టి, నిమ్మరసమో వెనిగరో వేస్తే బుసబుసమని పొంగి కరిగిపోతుంది. తర్వాత బాగా జాడిస్తే సరి.

బట్ట ఏదో చూసుకోవాలి. నూలు, పాలిస్టర్ స్పిరిట్‌ని, టర్పెంట్‌ని తట్టుకుంటాయి. ఎసిటేట్ అనే బట్టతో కుట్టిన లైనింగులు ఉంటాయి, వాటి మీద అసిటోన్ గానీ థిన్నర్ గానీ పడితే మరకతో పాటు బట్ట కూడా కరుగుతుంది. అందుకే ఏదైనా ముందు లోపలి మడత మీద ఒక చుక్క వేసి చూడాలి, అద్దకం రంగు దిగుతుందా లేదా అని. జరీ పట్టుచీర అయితే ఇంట్లో ప్రయోగాలు వద్దు. పెయింట్ ఏదో చెప్పి, డ్రై క్లీనింగ్‌కి ఇవ్వండి.

ఇంట్లో అందరూ తేలిగ్గా తీసుకునే సంగతొకటి ఉంది. థిన్నర్, అసిటోన్ ఆవిర్లు గాలి కన్నా బరువైనవి. అవి నేల వెంబడి పాకి పక్క గదిలోని స్టవ్ దాకానో, దేవుడి గదిలో దీపం దాకానో వెళ్లగలవు. ఈ పని వరండాలోనో డాబా మీదో చేయాలి. తడిసిన బట్టని నేరుగా వాషింగ్ మెషిన్‌లో వేయకూడదు, బయట ఆరేసి వాసన పోయాకే వేయాలి. ఎనామెల్, అవిసె నూనె అంటిన గుడ్డల్ని ముద్దగా చుట్టి మూలన పడేయడం ఇంకా ప్రమాదం. ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు నూనె నుంచి వేడి పుడుతుంది, ముద్ద లోపల ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. పరిచి ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచాలి.

పాత గేటు గీకించేటప్పుడు బట్టల మీద పడే దుమ్ముతో ఇంకో ఇబ్బంది ఉంది. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు మించకూడదని మన దేశంలో 2016లో నిబంధన వచ్చింది, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి ఎనామెల్ పొరల్లో సీసం చాలా ఎక్కువే ఉండే అవకాశం ఉంది. సీసం పిల్లల మెదడుకి హాని చేస్తుంది. గీకుడు పని చేసిన రోజు బట్టలు ఇంట్లో దులపకుండా, పిల్లల బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. పెయింటర్ చేతులు కడుక్కోవడానికి సబ్బూ నీళ్లూ ఇవ్వండి, భోజనానికి ముందు తప్పకుండా.

నా చొక్కాకి స్పిరిట్ నాలుగు విడతలు పట్టింది. ఇప్పుడు తొడుక్కుంటే ఎవరికీ ఏమీ కనిపించదు. భూతద్దం పెట్టి చూస్తే మాత్రం, నిలువు పోగు మీదుగా అడ్డ పోగు దాటే మూలల్లో పసుపు ముద్దలు మూడో నాలుగో ఇంకా ఉన్నాయి. అక్కడ పొర పీచుల చుట్టూ తిరిగి ఉంగరంలా మూసుకుపోయింది. స్పిరిట్‌కి ఉబ్బుతుంది, ఆరగానే మళ్లీ బిగుసుకుంటుంది.