ఏ పాత కారు రేపు ధర పలుకుతుంది? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పాత కార్ల రిపేరు, రెస్టోరేషన్ నా వృత్తి. షెడ్డుకి వచ్చే కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, ఇంట్లో నాన్న మారుతి జెన్ ఉంది. అమ్మెయ్యాలా, ఉంచుకోవాలా? ఇంకో పదేళ్లకి క్లాసిక్ అవుతుందా?" దీనికి బయట దొరికే జవాబుల్లో చాలావరకు తప్పులే. వాటిని నమ్మి మంచి బళ్లని స్క్రాప్‌కి ఇచ్చేసినవాళ్లున్నారు, ఎప్పటికీ ధర లేవని బళ్ల మీద లక్షలు పోసినవాళ్లూ ఉన్నారు. నేనిక్కడ మాట్లాడేది రాజుల గ్యారేజీల్లోని రోల్స్ రాయిస్‌ల గురించి కాదు. మన వీధుల్లో తిరిగిన మామూలు బళ్ల గురించి.

అపోహ: పాతబడితే చాలు, రేటు దానంతటదే పెరుగుతుంది.

మామూలు కారు ధర మొదటి పది పదిహేనేళ్లు పడుతూనే ఉంటుంది. ఆ తర్వాత అడుగుకి చేరి అక్కడే ఉండిపోతుంది. ఎక్కువ బళ్లు చచ్చిపోయేది ఈ దశలోనే. క్లచ్, టైర్లు, కొంచెం టింకరింగ్ కలిపితే బిల్లు బండి ధరని దాటేస్తుంది. ఇంట్లోవాళ్లు "దీనికెందుకు ఇంత ఖర్చు" అంటారు. సరిగ్గా అప్పుడే 15 ఏళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్ వస్తుంది. బండి తుక్కుకి వెళ్లిపోతుంది. ఈ గండం దాటి మిగిలిన వాటిలో కొన్నింటికే ధర మళ్లీ లేస్తుంది. చాలా మోడళ్లకి అడుగు దశ ఎప్పటికీ ముగియదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్ (బండి కింది చట్రం), బాడీ, ఇంజన్ మార్చకుండా ఒరిజినల్‌గా ఉన్న సొంత వాహనమే వింటేజ్. దానికి 'వీఏ' అక్షరాలతో వేరే నంబరు వస్తుంది, ఫీజు 20,000 రూపాయలు. ఆ నంబరు మీద రోజూ ఆఫీసుకి వెళ్తామంటే కుదరదు. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 'ఫీవా' 30 ఏళ్ల వయసుని గీతగా పెట్టుకుంది కానీ, మన ఆర్‌టీఓ దగ్గర ఆ లెక్క చెల్లదు. 1993 జెన్ మన చట్టం దృష్టిలో వింటేజ్ అయ్యేది 2043లో. అప్పటిదాకా అది వట్టి పాత బండే. ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఆ ఫీజు 15 ఏళ్లు దాటిన కారుకి 5,000, 2025 సవరణ తర్వాత 20 ఏళ్లు దాటినదానికి 10,000. గ్రీన్ ట్యాక్స్ అదనం.

అపోహ: తక్కువ తయారైన బండే ఎక్కువ ధర పలుకుతుంది.

అన్నింటికన్నా ఎక్కువ మందిని ముంచే నమ్మకం ఇదే. 1985లో మద్రాసులో స్టాండర్డ్ 2000 అని ఒక కారు మొదలుపెట్టారు. ఇంగ్లండ్ రోవర్ బాడీలో స్టాండర్డ్ వాళ్ల పాత ఇంజన్ బిగించారు. మూడేళ్లలో ఆగిపోయింది. ప్యూజో 309 కూడా అంతే, 90ల మధ్యలో వచ్చి కొద్ది కాలానికే పోయింది. రెండూ ఈ రోజు రోడ్డు మీద కనిపించవు. మరి వాటి కోసం ఎగబడేవాళ్లు ఎంతమంది? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే మారుతి 800 పాతిక లక్షలకు పైగా తయారైంది. అయినా 1983-86 నాటి మొదటి మోడల్, అదే ఎస్‌ఎస్80, శుభ్రంగా ఉన్నది ఒకటి అమ్మకానికి వస్తే మధ్యాహ్నానికల్లా ఫోన్లు మొదలవుతాయి.

ఎన్ని తయారయ్యాయి అన్నదానికన్నా ఎంతమంది కావాలనుకున్నారు, వాటిలో చెడగొట్టకుండా ఎన్ని మిగిలాయి అన్నదే ముఖ్యం. పదేళ్ల వయసులో ఒక బండిని నోరు తెరుచుకుని చూసిన పిల్లాడు నలభై దాటాక, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక, దాన్నే వెతుక్కుంటాడు. అంబాసిడర్, ఫియట్ కోసం వచ్చేవాళ్లు ఎక్కువగా అరవై దాటినవాళ్లు. ఊళ్లో డాక్టరుగారి ఫియట్, కలెక్టరు తెల్ల అంబాసిడర్ వాళ్ల చిన్నతనం. ఇప్పుడు ఫోన్ చేస్తున్నవాళ్లు 80ల చివర్లో, 90లలో పెరిగినవాళ్లు. వాళ్లు అడిగేవి జిప్సీ, కాంటెస్సా, సియెర్రా. వాళ్ల వెనకాల వస్తున్న తరం మొదటి తరం హోండా సిటీ వీటెక్ గురించి అడుగుతోంది. 2000 ప్రాంతంలో 1.5 లీటర్ ఇంజన్‌తో 106 హార్స్‌పవర్ ఇచ్చిన బండి అది, అప్పట్లో చిన్న సంగతి కాదు.

బైకుల్లో ఈ కథ ఇప్పటికే జరిగిపోయింది. యమహా ఆర్‌ఎక్స్ 100 మన రెండు రాష్ట్రాల్లో 80, 90లలో ఎక్కడ పడితే అక్కడ ఉండేది. ఇవాళ మంచి ఆర్‌ఎక్స్ కొనాలంటే కొత్త బైకు డబ్బులు కావాలి. లక్షల్లో అమ్ముడైన బండే, కానీ కాలేజీ గేటు దగ్గర ఆ సౌండ్ విన్న ప్రతివాడూ కొనుక్కోలేకపోయాడు. ఆ కోరికే ఇప్పుడు ధర అయ్యింది.

అందుకే మోడల్ చూడగానే నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ బండి ఫొటో గోడకి అంటించుకున్న పిల్లలున్నారా?

అపోహ: కొత్తగా పెయింట్ కొట్టి మెరిపిస్తే డబుల్ రేటు.

ఈ మాట చెప్పి అమ్మేవాళ్లు చాలామంది. ఎర్ర రంగు, అల్లాయ్ వీల్స్, లెదర్ సీట్లు, ఆండ్రాయిడ్ స్క్రీన్. ఫొటోలో బాగుంటుంది. తెలిసినవాడు మాత్రం రంగుని చూడడు, రంగు కింద ఏముందో చూస్తాడు. నేను జేబులో ఒక చిన్న అయస్కాంతం పెట్టుకుంటాను, గీతలు పడకుండా దానికి పలుచటి గుడ్డ చుట్టి. తలుపు కింది భాగం, చక్రాల పైన వంపులు, వెనక డిక్కీ అంచు... ఈ చోట్ల మెల్లగా జరుపుతూ పోతాను. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది. సొట్టలు పూడ్చే పుట్టీ మందంగా ఉన్నచోట జారి కింద పడుతుంది. తర్వాత తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌ని కొంచెం ఊడదీస్తాను. కంపెనీలో స్పాట్ వెల్డింగ్ చేసినప్పుడు పడిన గుండ్రటి గుంటలు వరసగా, సమాన దూరంలో కనిపించాలి. అవి లేవంటే ఆ వైపు ఎప్పుడో గట్టి దెబ్బ తగిలింది, రేకు మార్చారు. పైన ఎంత మెరిసినా లాభం లేదు.

కార్పెట్ ఎత్తి ఫ్లోర్ చూడండి. స్టెప్నీ గుంటలో వేలు పెట్టి చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండి పైకి ఎంత అందంగా ఉన్నా కింద ఉప్పుగాలి తినేసి ఉంటుంది. అనంతపురం, కర్నూలు వైపు ఎండకి పెయింట్ వెలిసిపోయి, డాష్‌బోర్డు పగిలిన బండి చూడ్డానికి బాగోదు. కానీ రేకు గట్టిగా ఉంటుంది. రెండూ ఒకే ధరకి వస్తే నేను ఏమాత్రం ఆలోచించకుండా వెలిసిపోయిన బండినే తీసుకుంటాను.

మార్పులు చేసిన బండి గురించి ఇంకో మాట. వీటెక్‌లు, లాన్సర్లు, జిప్సీలు కుర్రకారు చేతిలో పడి ఇంజన్లు మారాయి, సస్పెన్షన్లు మారాయి, బంపర్లు పోయాయి. కాబట్టి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నవి దొరకడమే కష్టం, రేపు ధర వాటికే. జిప్సీలో డీజిల్ ఇంజన్ పెట్టి ఆర్‌సీలో ఎక్కించకపోతే అది అందం సమస్య కాదు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సమస్య. అయితే అంబాసిడర్‌లో ఇసుజు ఇంజన్ కనిపించగానే కంగారుపడొద్దు. 90లలో కంపెనీయే ఆ 1.8 లీటర్ ఇంజన్‌తో అమ్మింది. అది ఒరిజినలే.

అపోహ: తక్కువ కిలోమీటర్లు తిరిగిందంటే వజ్రమే.

పదేళ్లు షెడ్డులో కవరు కప్పుకుని కూర్చున్న బండిలో పెట్రోల్ ట్యాంక్ లోపల తుప్పు పడుతుంది, బ్రేక్ సిలిండర్లు బిగుసుకుపోతాయి, రబ్బరు పైపులు చేత్తో నలిపితే విరిగిపోతాయి. వైరింగ్ ఎలుకల పాలు. నెలకోసారి పది కిలోమీటర్లు తిరిగిన బండి దానికన్నా ఎంతో నయం. మీటరు మాటకొస్తే, పాత కేబుల్ మీటర్లని వెనక్కి తిప్పడం పెద్ద విద్య కాదు. పెడల్ రబ్బర్లు, డ్రైవర్ సీటు అంచు, స్టీరింగ్ మీద అరుగుదల చూడండి. 18,000 కిలోమీటర్లు అని చెప్పిన బండిలో క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే ఇంకేం అడగక్కర్లేదు.

అపోహ: ఇంజన్ బాగుంటే మిగతావి ఎలాగైనా దొరుకుతాయి.

నిజం దీనికి తలకిందులు. ఇంజన్ దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది, మిగతావే దొరకవు. టాటా సియెర్రానే తీసుకోండి. 1991లో వచ్చిన మూడు తలుపుల బండి, వెనక పక్కన పైకప్పు దాకా వంగిన పెద్ద అద్దాలు. దాని ఇంజన్, గేర్‌బాక్స్ పార్టులు సుమో, 207 పికప్‌లతో కలుస్తాయి కాబట్టి విజయవాడ ఆటోనగర్‌లో తిరిగితే పని అయిపోతుంది. కానీ ఆ వంగిన అద్దం ఒకటి పగిలిందనుకోండి, ఇంకో సియెర్రా పోతే తప్ప రాదు. నేను సియెర్రా చూడ్డానికి వెళ్తే బానెట్ ఎత్తకముందే ఆ రెండు అద్దాలు, వాటి చుట్టూ రబ్బరు చూస్తాను. టాటా వాళ్లు ఆ పేరుని మళ్లీ తెచ్చాక పాతదాని మీద మోజు ఇంకా పెరిగింది, మంచి అద్దాలున్న బండి యజమాని తొందరపడి అమ్మక్కర్లేదు.

ఎస్‌ఎస్80 కూడా ఇలాంటిదే. దాని 796 సీసీ ఇంజన్ కుటుంబం ఓమ్నీలో 2019 దాకా నడిచింది, పిస్టన్ కిట్ దొరక్కపోవడం అన్న మాటే లేదు. ముందు గ్రిల్, లైట్లు, వెనక లైట్ల అద్దాలు, లోపలి ప్లాస్టిక్ వేరు. 1986లో బాడీ మారిపోయింది కాబట్టి తర్వాతి 800వి దీనికి అతకవు. వీటి కోసం చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి, అంబాసిడర్ సామాను అయితే కోల్‌కతా మల్లిక్ బజార్ దాకా మనుషుల్ని పంపాల్సి వస్తుంది. బండి కొనేటప్పుడు ఇంజన్ పొగ వేస్తోందని బేరం ఆడండి. కానీ బీడింగులు, బ్యాడ్జీలు, వీల్ క్యాపులు, మీటరు పూర్తిగా ఉన్నాయంటే ఆ బండిని వదలొద్దు.

అపోహ: బెంజ్, బీఎండబ్ల్యూ అయితే ఎప్పటికైనా లాభమే.

90లలో పుణెలో బిగించిన డబ్ల్యూ124 మోడల్ బెంజ్ లాంటివి వేరు. అవి మెకానిక్ చేతికి లొంగే బళ్లు. 2005 తర్వాతి పెద్ద జర్మన్ కార్లు చవగ్గా దొరుకుతున్నాయంటే కారణముంది. ఎయిర్ సస్పెన్షన్, డజన్లకొద్దీ ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు. ఒక మాడ్యూల్ పోతే బండి ధరలో మంచి భాగం దానికే పోతుంది.

అపోహ: కాగితాలు తర్వాత చూసుకోవచ్చు.

చూసుకోలేరు. మన దేశంలో పాత బండి విలువలో సగం ఆర్‌సీలోనే ఉంది. నేను చూసిన మంచి బళ్లలో కదలకుండా పడి ఉన్నవాటికి రోగం రేకులో లేదు, కాగితాల్లో ఉంది. 1994లో తీసుకున్న లోను ఎప్పుడో తీరిపోయింది, ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి అప్పు కింద తాకట్టులో ఉందన్న రాత) మాత్రం కొట్టేయించలేదు, ఆ ఫైనాన్స్ కంపెనీ ఇప్పుడు లేదు. లేదంటే యజమాని చనిపోయి, పిల్లలు ఫారం 31తో పేరు మార్పించుకోకుండానే అమ్మేస్తున్నారు. లేదంటే పాత పుస్తకం ఆర్‌సీ, ఆన్‌లైన్‌లో ఎక్కనే లేదు. బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే ఆ పాత వివరాల్ని ఆన్‌లైన్‌లో ఎక్కించే పని చేయించాలంటే ఆర్‌టీఓ చుట్టూ తిరగాలి.

డబ్బులిచ్చే ముందు ఛాసిస్ నంబరుని గుడ్డతో తుడిచి మీ కళ్లతో చదవండి, ఆర్‌సీతో ఒక్కో అంకె సరిపోల్చండి. ఢిల్లీలో 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బళ్ల మీద ఆంక్షలు వచ్చాక అక్కడి నుంచి చవకగా ఇక్కడికి చాలా బళ్లు దిగాయి. అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) చేతిలో లేకుండా, ఇక్కడ కట్టాల్సిన ట్యాక్స్ లెక్క తెలియకుండా వాటి జోలికి వెళ్లొద్దు. ఇంకో సంగతి, 1989కి ముందు వచ్చిన మూడక్షరాల పాత నంబరుతో, మొదటి ఓనర్ పేరు మీదే ఉన్న బండికి ప్రత్యేకమైన గిరాకీ ఉంది. రాష్ట్రం మారిస్తే ఆ నంబరు పోతుంది.

అపోహ: బంగారం కన్నా, షేర్ల కన్నా మంచి పెట్టుబడి.

పార్కింగ్, ఇన్సూరెన్స్, రెన్యువల్, బ్యాటరీ, టైర్లు, రిపేర్లు అన్నీ పదేళ్లకి రాసుకుని చూడండి. ధర పెరిగిన బళ్లలో కూడా చాలావాటికి ఖర్చు పెరుగుదలని మింగేస్తుంది. నడపడం ఇష్టమైతేనే ఉంచుకోండి.

ఇక మీరు నిజంగా అడిగేదానికి వస్తాను: ఇప్పుడు అడుగున ఉండి, లేవబోయేవి ఏవి? ఇది నా అంచనా, గ్యారంటీ కాదు. మన ప్రాంతం వరకు నేను ముందు చెప్పేది సుమో. 1994లో వచ్చింది, ఫ్యాక్షన్ సినిమాలు చూసి పెరిగిన తరం మొత్తానికి అది మామూలు బండి కాదు. ట్యాక్సీలుగా తిరిగి, గతుకుల రోడ్ల మీద నలిగి చాలావరకు పోయాయి. వైట్ బోర్డు (ట్యాక్సీ కాని సొంత బండి), సింగిల్ ఓనర్ పాత సుమో ఈ రోజు స్క్రాప్ కన్నా కొంచెం ఎక్కువకే దొరుకుతోంది. జెన్‌లో కార్బురేటర్ ఉన్న తొలి బళ్లు, మారుతి 800లో ఐదు గేర్ల ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నది), ఫియట్ పాలియో 1.6 కూడా నా లిస్టులో ఉన్నాయి.

నానో గురించి చాలామంది పెదవి విరుస్తారు, నేను విరవను. ప్రపంచమంతా మాట్లాడుకున్న బండి అది. కొనేటట్లయితే 2009-10 నాటి తొలి బళ్లే చూడండి. వెనక 624 సీసీ రెండు సిలిండర్ల ఇంజన్, ఒక్కటే వైపర్, చక్రానికి మూడే నట్లు, పెట్రోల్ మూత ముందు బానెట్ కింద, వెనక డిక్కీ డోరు తెరుచుకోదు. తర్వాతి వాటిలో ఆ డోరు తెరుచుకునేలా చేశారు కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. కొన్నప్పటి ఇన్‌వాయిస్, ఓనర్ మాన్యువల్, రెండో తాళం చెవి ఉన్నాయా అని అడగండి. ఉంటే బండితో పాటు అవి కూడా ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి తెచ్చుకోండి.