లాడం నొప్పించదు, మరి ఆ గుర్రం అలా ఎందుకు నడుస్తోంది?

గుర్రం కాలికి మేకులు కొడుతుంటే చూసినవాళ్లు ముందు అడిగేది ఒకటే: దానికి నొప్పి పుట్టదా? సరిగ్గా కొడితే పుట్టదు. గిట్ట బయటి గోడ అంతా కెరాటిన్. మన గోళ్లలో ఉండేదీ అదే. అందులో నరాలు లేవు, రక్తం లేదు. అసలు గుర్రం నిలబడేది ఒక్కో కాలికి ఒక్క వేలి మీద. ఆ వేలి చుట్టూ పెరిగిన గోరే గిట్ట.

గోరు లోపల మాత్రం ప్రాణం ఉంది. గోడకూ లోపలి ఎముకకూ మధ్య వందల సన్నని పొరలు పుస్తకం పేజీల్లా ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. నాలుగైదు వందల కిలోల జంతువు బరువంతా ఆ పొరల పట్టు మీదే ఆధారపడుతుంది. గిట్టను తిరగేసి చూస్తే గోడకూ అరికాలికీ మధ్య ఒక లేతరంగు గీత కనిపిస్తుంది. లాడం కొట్టేవాడికి అదే సరిహద్దు. మేకు ఆ గీతకు బయటే దిగి, ఏటవాలుగా తిరిగి, గోడ పక్కనుంచి పైకి తేలాలి. లోపలికి పోయిందా, గుర్రం కుంటుతుంది, చీము పట్టినా పట్టొచ్చు. మడమ వైపు మేకులు కొట్టకపోవడానికీ కారణం ఉంది. బరువు పడ్డప్పుడల్లా గిట్ట వెనక భాగం కొద్దిగా విచ్చుకుంటుంది. ఆ కదలిక అదురును తగ్గిస్తుంది, రక్తం పైకి పోవడానికి సాయపడుతుంది.

గిట్ట నెలకు సుమారు 8, 9 మి.మీ. పెరుగుతుంది. అడవి గుర్రానికి తిరిగే నేలే దాన్ని అరగదీస్తుంది. బండి కట్టి రాతి బాటల మీద తిప్పితే పెరిగేదానికంటే అరిగేదే ఎక్కువ. రోమన్లు గిట్టలకు ఇనుప తొడుగులు కట్టేవారు. మేకుల లాడం ఐరోపాలో మామూలైంది మధ్యయుగాల్లో. మన పల్లెల్లో ఎద్దులకు నాడాలు కొట్టించేదీ ఇందుకే. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండు ముక్కలు కావాలి. పైగా అది గుర్రంలా బుద్ధిగా కాలెత్తి ఇవ్వదు, పడేసి, కాళ్లు కట్టి కొట్టాల్సిందే.

లాడం వేశాక అరుగుదల ఆగుతుంది కానీ పెరుగుదల ఆగదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి ఊడదీసి, గిట్ట చెక్కి, మళ్లీ కొట్టాలి. ఈ పనిలో ఇంకో సంగతి తెలిసొచ్చింది: గిట్ట కోణం మార్చినా, బరువు మార్చినా నడక మారుతుంది. వైద్యానికి వాడుకుంటే కుంటి గుర్రానికి మేలు. చూడముచ్చట కోసం వాడితే ఏమవుతుందో అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రం చూపిస్తుంది.

టెనెస్సీ వాకింగ్ హార్స్ అనే జాతికి పుట్టుకతోనే ఒక ప్రత్యేకమైన నడక ఉంది. అడుగడుక్కీ తల ఊగుతుంది, వెనక కాలు ముందు కాలి అడుగును దాటి పడుతుంది, పైన కూర్చున్నవాడికి కుదుపు తెలియదు. అక్కడి షెల్బీవిల్ ఊళ్లో 1939 నుంచి ఏటా వీటికి పెద్ద పోటీ జరుగుతోంది. 1950ల నాటికి చూసేవాళ్లకు ఆ సహజమైన నడక చాలలేదు. ముందు కాళ్లు ఇంకా పైకి లేవాలి, వెనక కాళ్లు ఇంకా ముందుకు చాచాలి. అలా వచ్చిన విన్యాసం పేరు ‘బిగ్ లిక్’. గుర్రం వెనక్కి కూర్చోబోతూ ముందు కాళ్లు గాల్లోకి విసురుతుంది, చప్పట్లు మోగుతాయి. నాకైతే అందులో ముందు కాళ్ల మీద బరువు మోపలేని జంతువే కనిపిస్తుంది.

ముందు గిట్టలను పొడవుగా పెరగనిచ్చి, కింద ప్యాడ్లు దొంతరగా పేర్చి బిగిస్తారు. కాలి చివర బరువు పెరిగితే, విసురుగా ఎత్తినప్పుడు కాలు ఇంకా పైకి పోతుంది. గిట్టకు పైన ఒక గొలుసు కడతారు. నియమాల ప్రకారం అది 6 ఔన్సులు, అంటే 170 గ్రాములు మించకూడదు. వినడానికి పెద్ద బరువేమీ కాదు. కానీ దాని కింద చర్మం ముందే పుండై ఉంటే? ఆ పుండు చేయడాన్నే ‘సోరింగ్’ అంటారు. కిరోసిన్, డీజిల్, ఆవ తైలం లాంటివి రాసి, ప్లాస్టిక్ చుట్టి వదిలేస్తారు.

ఈ ఆవ తైలం వంటనూనె కాదు, అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే రసాయనం. ఆవపిండి కలిపేటప్పుడు ముక్కుకెక్కే ఘాటు దీనిదే. గింజలో ఇది సిద్ధంగా ఉండదు. నూరి తడిపినప్పుడు ఒక ఎంజైము మరో పదార్థాన్ని విరిచి దీన్ని పుట్టిస్తుంది. నరాల చివర ఉండే టీఆర్‌పీఏ1 అనే గ్రాహకాన్ని మేల్కొలిపి, మంట పుడుతోందని మెదడుకు చెబుతుంది. ఆవకాయలో ఆ ఘాటు లేకపోతే మనకు నచ్చదు. గాఢమైన తైలం చర్మానికి పూస్తే బొబ్బలెక్కుతుంది. గొలుసు తగిలినప్పుడల్లా గుర్రం కాలు విదిలిస్తుంది, నొప్పి తప్పించుకోవడానికి బరువంతా వెనక కాళ్ల మీదికి నెడుతుంది.

రసాయనం లేని పద్ధతీ ఉంది. అరికాలిని మరీ పలచగా చెక్కడమో, ప్యాడ్‌కూ అరికాలికీ మధ్య గట్టి వస్తువు ఇరికించడమో చేస్తారు. బయటికి ఏమీ కనబడదు. మంచి పనివాడు ఏ సున్నితమైన చోటును తప్పించడానికి అంత జాగ్రత్త పడతాడో, ఇక్కడ దాన్నే వెతికి నొక్కుతారు.

1970లో అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో, సోరింగ్ చేసిన గుర్రాన్ని పోటీకి తేవడాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది. పోటీ దగ్గర ఇన్‌స్పెక్టరు బొటనవేలితో గిట్టకు పైన చర్మాన్ని నొక్కుతాడు, గుర్రం కాలు లాక్కుంటే దొరికినట్టే. దానికీ విరుగుడు కనిపెట్టారు. ఇంటి దగ్గరే ఉత్తుత్తి తనిఖీ చేసి, కాలు లాక్కున్నప్పుడల్లా అంతకంటే పెద్ద నొప్పి పుట్టిస్తారు. కదలకుండా ఓర్చుకోవడం గుర్రం నేర్చుకుంటుంది. తర్వాత చర్మం వేడిని పట్టే కెమెరాలు వచ్చాయి, కాలిని తుడిచిన గుడ్డను ల్యాబ్‌కు పంపడం వచ్చింది. అయినా చాలా తనిఖీలు చేసేది పోటీల రంగం తరఫున నియమితులైనవాళ్లే. ఆ ఏర్పాటు పనిచేయడం లేదని 2010లో, చట్టాన్ని అమలు చేసే అమెరికా వ్యవసాయ శాఖ సొంత ఆడిటే తేల్చింది.

2024లో ఆ శాఖ ఈ జాతి పోటీల్లో ప్యాడ్లను, గొలుసులను నిషేధిస్తూ నియమం తెచ్చింది. అమల్లోకి రాకముందే, 2025 జనవరిలో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. సోరింగ్ చేసిన గుర్రాన్ని పోటీకి తేవడం నేరమే, ఆ పుండును మరింత బాధాకరం చేసే గొలుసుకు మాత్రం అనుమతి ఉంది.