మూడు నెలలకోసారి

పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మా బాపుకు కోత తొందరగానే మానింది. మానంది మూడు నెలలకోసారి వచ్చే టెన్షన్. పరకాల నుంచి పొద్దున బస్సుకు హన్మకొండ వచ్చి రక్తం ఇస్తాడు. రిపోర్టు చేతికొచ్చేదాకా చాయ్ కూడా ముట్టడు.

అందులో మేం వెతికేది సీఈఏ. 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ పెద్దపేగు క్యాన్సర్ గడ్డల్లో కనిపెట్టిన ప్రొటీన్ ఇది. కడుపులోని పిండం పేగుల్లోనూ ఇది దండిగా ఉంటుంది, పుట్టేసరికి బాగా తగ్గిపోతుంది. చాలా పేగు క్యాన్సర్లు దీన్ని మళ్లీ తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. పొగ తాగనివాళ్లలో మిల్లీలీటరుకు సుమారు 3 నానోగ్రాముల లోపు, తాగేవాళ్లలో 5 లోపు ఉంటే మామూలే.

దసరా ముందు బాపుకు 1.8 వచ్చింది. సంక్రాంతి తర్వాత 2.7. హద్దు లోపలే ఉంది, కానీ ఆయనకు కనిపించింది పెరగడం ఒక్కటే. ఆ రాత్రి కంచంలో చెయ్యి పెట్టి అట్లనే కూర్చున్నాడు. "మళ్ల మొదలైందా కొడుకా?" అన్నాడు.

మర్నాడు డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అడిగిన మొదటి మాట: "రెండూ ఒకే ల్యాబ్‌వేనా?" కావు. మేం వెళ్లే ల్యాబ్ ఆరోజు మూసి ఉంటే వేరేచోట ఇచ్చాం. మిషన్లు, కిట్లు మారితే అంకె కూడా మారుతుంది. బీడీ, కాలేయ జబ్బు, పేగు వాపు కూడా సీఈఏను పెంచుతాయి. అసలు సీఈఏ వదలని గడ్డలూ ఉన్నాయి. అందుకే ఒక్క రిపోర్టు చూసి ఏదీ తేల్చరు. అనుమానముంటే మళ్లీ చేస్తారు, వరుసగా పెరుగుతూ పోతే స్కాన్‌కు పంపుతారు. పాత ల్యాబ్‌లో మళ్లీ ఇస్తే 1.9 వచ్చింది.

ఇన్నిసార్లు ఎందుకంటే, తిరగబెట్టేది ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే. పేగుల నుంచి రక్తం ముందు కాలేయానికే పోతుంది. దాంతోపాటు కొట్టుకుపోయిన కణాలు తరచూ అక్కడే చిక్కుకుంటాయి, తర్వాత ఊపిరితిత్తుల్లో. సీటీ స్కాన్‌లో పొట్టతోపాటు ఛాతీ కూడా తీసేది అందుకే. కాలేయంలో మచ్చ చిన్నగా ఉన్నప్పుడే దొరికితే ఆ ముక్క కోసి తీసేయవచ్చు, కొందరికి పూర్తిగా నయమవుతుంది కూడా. మిగిలిన కాలేయం పెరిగి ఆ లోటు పూడ్చుకుంటుంది. బాపుకు నేను పదేపదే చెప్పేది ఈ సంగతే.

కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీకి మాత్రం ఇంత తొందర లేదు. పేగు లోపలి గోడ మీద మొలిచే చిన్న బుడిపె (పాలిప్) క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్ల దాకా పడుతుంది. కాబట్టి ఆపరేషన్ అయిన ఏడాదికి ఒకటి, బాగుంటే దాని తర్వాత మూడేళ్లకు, ఆపై ఐదేళ్లకోసారి. కష్టమల్లా పేగు ఖాళీ అవడానికి ముందురోజు పొడి కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ తాగడం. ఐరన్ మాత్రలు వాడేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. వాటి నల్లరంగు పేగు గోడకు అంటుకుంటే లోపల సరిగా కనబడదు.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, తగ్గని కడుపునొప్పి కనిపిస్తే తేదీ వచ్చేదాకా ఆగొద్దు.

ఇప్పుడు బాపు దగ్గర ఒక వంద పేజీల నోటుబుక్కు ఉంది. తేదీ, ల్యాబ్ పేరు, అంకె తనే రాసుకుంటాడు. పోయినసారి రక్తమిచ్చి బయటికొచ్చాక, రిపోర్టు రాకముందే, చాయ్ తాగుదాం పద అన్నాడు.