సీడు పత్తి: కర్నూలు చేతుల మీద నడిచిన బయోటెక్

బయోటెక్ అనగానే 1999లో హైదరాబాద్ శివార్లలో మొదలైన జినోమ్ వ్యాలీయే గుర్తొస్తుంది. మన దేశంలో వాణిజ్య సాగుకు అనుమతి ఉన్న ఒకే ఒక్క జన్యుమార్పిడి పంట బీటీ పత్తి. దాని విత్తనం చాలా ఏళ్లు ఉమ్మడి కర్నూలు జిల్లా చేలల్లో తయారైంది. విత్తనం కోసమే పండించే ఆ పత్తిని సీడు పత్తి అంటారు. ఈ ప్రాంతపు బలం గురించి మాట్లాడేటప్పుడు ఆ చేల నుంచే మొదలుపెట్టాలి.

ఇక్కడి నల్లరేగడికి పత్తి పాత చుట్టం. నంద్యాలలో వ్యవసాయ పరిశోధన స్థానం 1906లోనే వచ్చింది. రైతులు బాగా ఆదరించిన 'నరసింహ' అక్కడ పుట్టిన రకమే. అది సూటి రకం కాబట్టి విత్తనం ఇంట్లోనే దాచుకోవచ్చు.

1970లో గుజరాత్‌లోని సూరత్ కేంద్రం హెచ్-4 హైబ్రిడ్‌ను తెచ్చింది. హైబ్రిడ్ విత్తనం ఏటా కొత్తగా కొనాల్సిందే. అంటే ఎవరో ఒకరు ఏటా కొత్తగా తయారు చేయాలి. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఆ పనిని క్రాసింగ్ అంటారు. సాయంత్రం ఆడ మొక్కల్లో మర్నాడు విచ్చుకునే మొగ్గను చూసి, బొటనవేలి గోటితో రేకులు, పుప్పొడి తిత్తులు ఒలిచేస్తారు. లోపలి కీలాగ్రం, అంటే పుప్పొడి అంటాల్సిన భాగం, చెదరకూడదు. పొద్దున్నే మగ మొక్కల పువ్వు కోసి దానికి రుద్దుతారు. ఒక్కో మొగ్గకూ ఇంతే, రెండు మూడు నెలలపాటు. యంత్రం లేదు. తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి తెచ్చిన ఆడపిల్లలు బడి మానేసి ఈ పని చేశారు. 2000 తర్వాత వచ్చిన నివేదికలు బయటపెట్టేదాకా బయటివాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. అది మన ప్రాంతానికి జరిగిన ఘోరమైన అన్యాయం.

2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును మొక్కలో పెడితే, దాని వల్ల మొక్కలోనే తయారయ్యే ప్రోటీన్ తిన్న శనగపచ్చ పురుగు చస్తుంది. అమెరికాలో ఆ జన్యువును సూటి రకాల్లో పెట్టారు, ఇక్కడ కంపెనీలు హైబ్రిడ్లలో పెట్టాయి. దాంతో అంత కొత్త టెక్నాలజీ కూడా క్రాసింగ్ చేసే వేళ్ల మీదే ఆధారపడింది.

డబ్బు మాత్రం వేరే దారిలో వెళ్లింది. 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటిన రోజుల్లో, అందులో 1,250 రూపాయల దాకా జన్యువు యజమానికి రాయల్టీగా పోయేది. రాష్ట్ర ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య వ్యాపార పద్ధతులను విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లి పోరాడింది. ప్యాకెట్ 750కి దిగింది. మన ప్రభుత్వం చేసిన మంచి పనుల్లో దీన్ని నేను ముందు వరుసలో పెడతాను.

2017లో ఉమ్మడి జిల్లాలోని తంగడంచలో అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ సహకారంతో మెగా సీడ్ పార్కుకు శంకుస్థాపన చేశారు. ప్యాకెట్ గరిష్ఠ ధరను కేంద్రం 2015 డిసెంబరు నాటి ఉత్తర్వు కింద నిర్ణయిస్తోంది. సీడు రైతుకు కిలోకు ఎంత ఇవ్వాలో, క్రాసింగ్ కూలీకి ఎంత దక్కాలో ఆ ఉత్తర్వులో లేదు. రైతు రేటును ఇప్పటికీ కంపెనీ, దానికీ రైతుకూ మధ్య ఉండే ఆర్గనైజరే తేలుస్తారు.